జెండా దించిన రెండు నెలలు

2023 డిసెంబర్ 4, సోమవారం. మిగ్‌జాం తుపాను చెన్నైని ముంచిన రోజు. లింగిచెట్టి వీధిలో మా ఆఫీసు మొదటి రెండు మెట్లూ నీళ్ళలో ఉన్నాయని వాచ్‌మన్ పొద్దున్నే ఫోటో పంపాడు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అందరూ పాల ప్యాకెట్ల గురించి, ఫ్లైఓవర్ మీద పెట్టొచ్చిన కార్ల గురించి మాట్లాడుకుంటున్నారు. నా టెన్షన్ మాత్రం వేరు. యార్డులో కూర్చున్న రెండు కంటైనర్ల కందులు.

మొజాంబిక్ నుంచి వచ్చిన సరుకది. మా క్లయింటు ఒక పప్పు మిల్లు ఆయన. ఇరవై నాలుగేళ్ళుగా నా పని ఇదే. సరుకు తెప్పించుకునేవాళ్ళ తరఫున కస్టమ్స్ కాగితాలు వేసి, రేవు గేటు దాటించడం. ఈసారి బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే ఫలానా సరుకు దిగుమతి అయిందని కస్టమ్స్‌కి ఇచ్చే పత్రం, వేశాను, సుంకం లెక్క సరిపోయింది, అంతా బాగుందనుకునేలోపు ఒక చిన్న తప్పు బయటపడింది. పంటకు తెగులు లేదని అక్కడివాళ్ళు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఒక కంటైనర్ నంబరు తప్పు పడింది. 3 ఉండాల్సిన చోట 8. కొత్త కాగితం రావాలి. అది వచ్చేలోపు తుపాను వచ్చింది. లారీల్లేవు, రోడ్లు లేవు, నెట్ లేదు, రేవులో పని లేదు.

నీళ్ళు తీశాక షిప్పింగ్ కంపెనీ బిల్లు వచ్చింది. డిటెన్షన్ చార్జీలు. వాళ్ళ కంటైనర్‌ని ఉచిత గడువు, అంటే ఫ్రీ డేస్, దాటి ఉంచుకున్నందుకు రోజుకింత చొప్పున జరిమానా. తుపాను రోజులతో సహా. కంపెనీ పేరు రాయను, రేపు మళ్ళీ వాళ్ళతోనే పని. ఫోన్ చేస్తే అవతల అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది.

"సర్, ఫ్రీ డేస్ అంటే క్యాలెండర్ డేస్ సర్."

"ఆ రోజుల్లో మీ ఆఫీసే తెరవలేదు కదమ్మా?"

"అవును సర్. కానీ సిస్టమ్‌లో తుపానుకి కాలమ్ లేదు సర్."

ఆ మాట మా మామయ్యకి చెప్పాను. ఆయనకి ఎనభై ఒకటి. రేవులో టాలీ క్లర్కుగా, అంటే ఓడ నుంచి దిగే మూటలు లెక్కపెట్టే గుమాస్తాగా, రిటైరయ్యాడు. ఉండేది రాయపురం. ఆదివారం వెళితే ఇడ్లీ పెట్టి రేవు కథలు చెప్తాడు. విని నవ్వి అన్నాడు: "ఒరేయ్, దొరల కాలంలో ఉండేదిరా కాలమ్. అక్టోబరు పదిహేనుకి కోటలో జెండా దించేసేవాళ్ళు. మళ్ళీ డిసెంబరు పదిహేనుకే ఎత్తేది."

మామయ్య చెప్పేవాటిలో సగానికి సగం ఉప్పూకారం ఎక్కువ వేసినవే. అందుకని ఓ రెండు శనివారాలు ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీకి వెళ్ళి కూర్చున్నాను. ఈ మాట మాత్రం నిజమే.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో చెన్నపట్నానికి రేవే లేదు. పేరుకి రేవు, ఉన్నది ఉత్త ఒడ్డు. ఓడలన్నీ మైలు, ఆ పైన దూరంలో లంగరేసుకుని నిలబడాలి. ఈశాన్య గాలులు మొదలయ్యాక అక్కడ ఓడ నిలబడితే ఏ రాత్రైనా తాడు తెగి ఒడ్డుకి కొట్టుకురావచ్చు. అందుకని సెయింట్ జార్జి కోట మీది జెండాకొయ్యను అక్టోబర్ 15న దించేసేవాళ్ళు. రెండు నెలలపాటు ఈస్టిండియా కంపెనీ ఓడలు ఇక్కడికి రాకూడదు. ఎవరైనా తెగించి వచ్చి ఈ తీరంలో నిలబడితే వాళ్ళ బీమా చెల్లదు. వర్దా తుపాను వచ్చింది 2016 డిసెంబర్ 12న. మిగ్‌జాం డిసెంబర్ మొదటి వారం. రెండూ ఆ పాత గడువు లోపలే. గ్రహించారు కదా, ఉపగ్రహం లేదు, రాడార్ లేదు, ఉన్నదల్లా మునిగిన ఓడల లెక్క ఒక్కటే.

నాకు ఆ రూలు తెగ నచ్చింది. సముద్రం మా మాట వినదు అని సర్కారు తనంతట తాను ఒప్పుకున్న రూలు అది. మా షిప్పింగ్ కంపెనీ సిస్టమ్‌కి ఆపాటి వినయం లేదు.

దానికీ లోటు లేకపోలేదు. 1872 మే 2న వచ్చిన తుపానుకి రేవులో నిలబడ్డ ఓడలు చాలా ఒడ్డుకొచ్చి ముక్కలయ్యాయి. మే నెలకి జెండా పైనే ఉంటుంది కదా! ఆ తర్వాత మూడేళ్ళకి, 1875లో, వాతావరణ శాఖ పెట్టారు. టీవీలో "కృష్ణపట్నం, నిజాంపట్నం రేవుల్లో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు" అని చదువుతారే, ఆ జెండాలూ దీపాలూ ఆ తరంలో మొదలైనవే. చిన్నప్పుడు రేడియోలో వింటుంటే మూడో నంబరంటే మూడో వరస అలలు కాబోలు అనుకునేవాణ్ణి.

జెండా సంగతి వెతకబోతే అంతకంటే పెద్ద సంగతి తగిలింది. పడవలవాళ్ళ రూళ్ళు.

ఓడ మైలు దూరంలో ఆగితే మనిషైనా మూటైనా ఒడ్డుకి రావాల్సింది మసూలా పడవ మీద. మధ్యలో మూడు వరసల కెరటాలు. దొరల బోట్లు ఆ కెరటాల్లో పడితే అడుగు పగిలిపోయేవి. మసూలా పడవకి మేకు ఉండదు. పలకల్ని పక్కపక్కన పెట్టి, సందుల్లో పీచు కూరి, కొబ్బరితాడుతో కుట్టేస్తారు. నెల్లూరు జిల్లా తీరంలో మామయ్య చిన్నప్పుడు అలాంటి పడవని కుట్టడం చూశాడట. ఇద్దరు మనుషులు, ఒకడు లోపల, ఒకడు బయట. వెదురు సూది ఏమీ ఉండదు, చేత్తోనే తాడు దూర్చి, కాలు తన్నిపెట్టి లాగడం. సీజన్ అయ్యాక కుట్లు విప్పేసి, పలకలు ఎండబెట్టి, మళ్ళీ కుట్టేవాళ్ళట. "పడవ ఊపిరి పీలుస్తుందిరా, అల కొడితే లోపలికి పోయి మళ్ళీ బయటికి వస్తుంది" అని అరచేతులు రెండూ దగ్గరపెట్టి, గిన్నెలా చేసి, నొక్కి వదిలి చూపించాడు. నీళ్ళు ఎలాగూ కారతాయి. ఒకడు తోడుతూనే ఉండాలి.

ఇంత పనితనం ఉన్నవాళ్ళ గురించి దొరసానులు ఇంటికి రాసుకున్న ఉత్తరాల్లో ఎక్కువగా కనపడేది ఒకటే ఫిర్యాదు. నడి కెరటాల్లో పడవ ఆపి, ఇనాం ఇస్తేగానీ కదలం అన్నారని. నిజమే అయ్యుంటుంది. ఆటోవాడు మీటర్ మీద ఎంత ఇస్తారని అడిగే ఊరు ఇది, ఆ పద్ధతికి రెండొందల ఏళ్ళ చరిత్ర ఉంటే నేనేం ఆశ్చర్యపోను.

దానికి సర్కారు రూళ్ళు పెట్టింది. రేవు మొత్తానికి మాస్టర్ అటెండెంట్ అని ఒక అధికారి. ఇప్పటి భాషలో పోర్ట్ ఆఫీసర్. పడవ కూలి ఎంతో ఆయన కచేరీ నుంచే పట్టిక. ఆ పట్టికలు అప్పటి పంచాంగాల్లాంటి వార్షిక పుస్తకాల్లో అచ్చయ్యేవి, ఊరికి కొత్తగా వచ్చిన దొర మోసపోకుండా. కెరటాలు ఎలా ఉన్నాయో చూసి ఒడ్డున జెండా ఎగరేసేవాళ్ళు. ఫలానా జెండా ఉంటే పడవ వెళ్ళడం ప్రమాదం. ఇంకోటి ఉంటే అసలు వెళ్ళలేదు. అప్పుడు ఓడకి ఉత్తరం అందించాలంటే తెప్పవాడే దిక్కు. రెండు మూడు దుంగలు కట్టిన తెప్ప మీద మోకాళ్ళేసుకుని, నెత్తిన తాటాకు చాపతో అల్లిన మొనదేలిన టోపీ, ఆ టోపీలో ఉత్తరం. మనిషి మునిగినా ఉత్తరం తడవదు. కంపెనీవారి కొరియర్ సర్వీసు అన్నమాట.

నా వృత్తి కళ్ళతో చూస్తే ఆ పట్టికలో ఒక్కటి మెచ్చుకోవాలి. వాతావరణాన్ని బట్టి కూలి మారేది. కెరటం పెరిగితే రేటూ పెరుగుతుంది. తుపానుకి కాలమ్ ఉంది! మిగతావన్నీ పైవాళ్ళ సౌకర్యానికి రాసుకున్నవే. సరుకు తడిస్తే, మూట పోతే, కొరడా ఎవరి వీపు మీద పడేదో చెప్పక్కర్లేదు. అల వచ్చిందని పడవవాడు ఏ కాగితం చూపించగలడు? మొజాంబిక్‌లో ఎవడో 3 బదులు 8 కొడితే ఇక్కడ నేను సంజాయిషీ రాసినట్టే.

ఈ పడవల బాధ తప్పించుకోవడానికి కట్టిన కట్టడాల కథ త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది ఎప్పుడూ ఒకేలా ముగుస్తుంది. 1861లో సముద్రంలోకి ఇనప స్తంభాల మీద పొడవాటి పీరు, అంటే వంతెన లాంటిది, కట్టారు. 1868లో ఓ ఫ్రెంచి ఓడ వచ్చి గుద్ది దాన్ని తెగ్గొట్టింది. 1872 తుపాను ఇంకోచోట తెగ్గొట్టింది. 1875 డిసెంబర్‌లో వేల్సు యువరాజు వచ్చి అసలైన హార్బరుకి శంకుస్థాపన చేశాడు. ఒడ్డు నుంచి రెండు చేతులు చాచినట్టు రాతిగోడలు. పని దాదాపు అయిపోయిందనగా 1881 నవంబర్‌లో తుపాను ఆ గోడల్ని చెదరగొట్టింది. జెండా దించే నెలల్లోనే, గమనించండి. మళ్ళీ కట్టి ముగించేసరికి ఇంకో పధ్నాలుగేళ్ళు. ఆ గోడ ఇసకని ఆపింది. దక్షిణాన ఇసక పేరుకుని మనం సాయంత్రం శుండల్ తింటూ నడిచే మెరీనా అంత వెడల్పయింది. ఉత్తరాన ఇసక రాక ఒడ్డు కోసుకుపోయింది. మామయ్య వాళ్ళ రాయపురం, ఆ పైన తిరువొత్తియూరు వైపు అలకి అడ్డంగా ఇవాళ కనపడే బండరాళ్ళన్నీ ఆ బాకీయే. "దక్షిణం వాళ్ళకి బీచి, మాకు బండలు" అంటాడు మామయ్య.

సరే, కందుల దగ్గరికి వస్తాను. అసలు నన్ను నిద్రపోనివ్వనిది ఇదే.

హార్బరుకి శంకుస్థాపన అయిన మరుసటి ఏడాది, 1876లో, వానల్లేవు. మనవాళ్ళు ధాత కరువు అంటారు, ఆ ఏటి పేరు ధాత కాబట్టి. మా అమ్మమ్మ ఎవరైనా కంచంలో అన్నం వదిలేస్తే "ధాత కరువులో పుట్టాల్సింది నువ్వు" అని తిట్టేది. ఆవిడ చూసింది కాదు, ఆవిడ అమ్మమ్మల నాటిది. బళ్ళారి, కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాలు ఎండిపోయాయి. దక్షిణాది మొత్తం మీద యాభై లక్షలకు పైగా జనం పోయారని అంచనా.

బియ్యం లేక పోయారా? బియ్యం రేవులోకి వస్తూనే ఉంది. బెంగాల్ నుంచి, బర్మా నుంచి ఓడల మీద వచ్చి, ఒడ్డున దిగి, రాయపురం స్టేషన్ నుంచి రైలెక్కేది. 1877 నాటి ఒక బొమ్మ ఉంది, మద్రాసు బీచి మీద ధాన్యం మూటలు. నేను లైబ్రరీ కుర్చీలో అది చాలాసేపు చూశాను. వృత్తి అలవాటు, ముందు వరసలు లెక్కపెట్టడానికి ప్రయత్నించాను, కుదరలేదు. ఇళ్ళంత ఎత్తు గుట్టలు. ఇవాళైతే ఆ సరుకుని యార్డులో పెట్టి గ్రౌండ్ రెంట్, అంటే స్థలం అద్దె, వేసుండేవాళ్ళు.

మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ మొదట్లో ఒక పని చేశాడు. అర్బత్‌నాట్ కంపెనీ ద్వారా ముప్పై వేల టన్నుల ధాన్యం గుట్టుగా సర్కారు తరఫున కొనిపించాడు. వైస్రాయి లిట్టన్ దాన్ని ఒప్పుకోలేదు. సర్కారు బజార్లో దిగితే వర్తకులు వెనక్కి పోతారు, ధరల్లో మనం వేలు పెట్టకూడదు అని ఆయన వాదన. 1877 జనవరి ఒకటిన ఢిల్లీలో దర్బారు జరిపించి విక్టోరియాని చక్రవర్తినిగా చాటింది ఆయనే. తర్వాత సర్ రిచర్డ్ టెంపుల్‌ని పంపాడు, ఖర్చు తగ్గించమని. కరువు పనుల్లో కూలికి రోజుకో పౌను ధాన్యం, పైన కొంచెం చిల్లర అని తేల్చాడు టెంపుల్. అంటే అరకిలో కంటే తక్కువ. మట్టి తవ్వి మోసే మనిషికి! డాక్టర్ కార్నిష్ అని మద్రాసు శానిటరీ కమిషనరు ఇది తిండి కాదని గట్టిగా పోట్లాడాడు. చెన్నైలో అడయారుకీ కూవానికీ మధ్య బకింగ్‌హామ్ కాలువ తవ్వింది ఆ కూలీలే. అటు కాకినాడ దాకా పడవ మీద పోగలిగిన ఆ కాలువ మీద ఇప్పుడు లోకల్ రైలు స్తంభాలున్నాయి. మైలాపూరు దగ్గర ముక్కు మూసుకుని దాటుతాం.

నాకు అర్థం కానిది ఒక్కటే. బియ్యం మూట ధరలో వేలు పెట్టడం పాపం అన్న సర్కారే, ఆ మూటని కెరటం మీంచి ఒడ్డుకి తెచ్చేవాడి కూలికి పట్టిక అచ్చువేసింది. పడవవాడు నడి కెరటంలో అర్ధరూపాయి ఎక్కువడిగితే అది దోపిడీ, దానికి రూలు ఉంది. ఒడ్డున గుట్టలు పోసుకుని ధర పెరిగేదాకా కూర్చున్నవాడు చేసేది వ్యాపారం, దానికి రూలు లేదు. మామయ్యతో ఈ మాటంటే కాసేపు ఆలోచించి, "పడవవాడికి ఆఫీసు లేదు కదరా" అన్నాడు. నేనింత చదివి కూడబెట్టింది ఆయన ఇడ్లీ నములుతూ తేల్చేశాడు.

మా క్లయింటుకి మాత్రం ఇదంతా చెప్పలేదు. 2023 జూన్‌లో కందిపప్పు, మినప్పప్పు నిల్వల మీద కేంద్రం పరిమితి పెట్టినప్పటినుంచీ ఆయన నాకు ఫోన్ చేసినప్పుడల్లా, "సర్కారు వ్యాపారం చేసుకోనివ్వదండీ, వేలు పెడుతుంది" అంటాడు. లిట్టన్ ప్రభువు తెలుగులో మాట్లాడితే అచ్చం అలాగే ఉండేది. నా జీతం ఆయన సరుకు మీదే వస్తుంది కాబట్టి "అవునండీ" అంటాను.

ఇంకోటి చెప్పాలి. మేము రోజూ వాడే భాషంతా ఆ శతాబ్దానిదే. సుంకం వసూలుకి 1878లో సీ కస్టమ్స్ యాక్ట్ వచ్చింది. 1962లో కొత్త చట్టం వచ్చేదాకా ఎనభై నాలుగేళ్ళు నడిచింది. బిల్ ఆఫ్ ఎంట్రీ, షిప్పింగ్ బిల్, మానిఫెస్ట్, మాలాంటి ఏజెంట్లు, అన్నీ అందులోనివే, చట్టం మారినా మాటలు మారలేదు. రేవుల మీద మొదటి చట్టం 1855 నాటిది. అదే మెట్టుమెట్టుగా మారి 1908 దగ్గర ఆగి, మొన్న 2025 దాకా నడిచింది. ఇక మా ఆఫీసు వెనక సుంకురామ చెట్టి వీధి ఉంది. కంపెనీవారికి పెద్ద వర్తకుడిగా ఉన్న సుంకు రామ అనే తెలుగు కోమటి పేరు అది. సుంకు అన్నది ఇంటిపేరు. కస్టమ్స్ వాళ్ళు ఉండే పేటలో అలాంటి ఇంటిపేరున్న వీధి ఉండటం నాకిప్పటికీ నవ్వొస్తుంది.

డిటెన్షన్ బిల్లు మీద నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగోదాంట్లో, కోపమొచ్చి, సెయింట్ జార్జి కోట జెండా సంగతి కూడా ఒక పేరాలో రాశాను. ఎవరూ చదివినట్టు లేరు. రెండు రోజులు మాఫీ చేశారు, "గుడ్‌విల్ జెశ్చర్" అట. మిగతాది మా క్లయింటు, నేను చెరికొంత వేసుకుని కట్టాం. నా వాటా ఆ నెల మా అబ్బాయి ట్యూషన్ ఫీజుకి సరిగ్గా సమానం.

సవరించిన సర్టిఫికెట్ వచ్చి కంటైనర్లు బయటికి తీసిన రోజు యార్డుకి నేనే వెళ్ళాను. తలుపు తీసి శాంపిల్ చూస్తుంటే అంచున ఒక గోనె చిరిగి ఉంది. కందులు ట్రెయిలర్ కింద కాంక్రీటు మీద జారి, తుపాను వదిలిన బురదలో కలిశాయి. గేటు బయట బండి ఆగగానే ఒకావిడ వచ్చింది, అరవై ఉంటాయి, పొట్టి చీపురు, చేటా, ప్లాస్టిక్ సంచీ. ట్రెయిలర్ అంచుకి అంటుకున్నవీ కింద రాలినవీ ఊడ్చుకుంటోంది. సెక్యూరిటీ అబ్బాయి "పో మా, పో" అంటున్నాడు, పెద్దగా పట్టింపు లేకుండా. నేను వద్దన్నాను, ఊడ్చుకోనీ అని.

ఆవిడ నా మొహం చూసి తెలుగులోనే అడిగింది, "ఏవూరి కందులు నాయనా?"

"ఆఫ్రికావమ్మా. మొజాంబిక్."

గుప్పెడు తీసి, బురద ఊది, ఒకటి పంటికింద పెట్టి కొరికింది. మొహం చిట్లించింది.

"గట్టివి. రాత్రి నానబెట్టకపోతే ఉడకవు. పోయినసారి వచ్చినవి మేలు" అని, మళ్ళీ వంగి ఊడ్చుకోసాగింది.